స్టార్ట్ నొక్కకుండానే ఎలివేటర్ తిరిగింది, తప్పు ఎవరిది?

ఉమ్మడి నల్గొండ జిల్లా నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు కాబట్టి విషయం మాత్రం చెబుతాను.

ఆయన వయసు 27. ఐటీఐ చదివి ఒక పారాబాయిల్డ్ రైస్ మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా చేస్తున్నారు. ఉద్యోగం పెట్టించింది మేనమామ. మామ అదే మిల్లులో ప్యానెల్ ఆపరేటర్. రెండేళ్ల కింద సేటు పాత స్టార్టర్లన్నీ తీసేయించి, హైదరాబాద్ నుంచి కాంట్రాక్టర్‌ను పిలిపించి పీఎల్‌సీ (మోటార్లను ప్రోగ్రామ్ ప్రకారం నడిపే చిన్న కంప్యూటర్) ప్యానెల్ పెట్టించారు. ప్రోగ్రామ్‌కు పాస్‌వర్డ్ ఉంది. అది కాంట్రాక్టర్ దగ్గరే ఉంది.

పోయిన నెల వడ్ల ఎలివేటర్ (వడ్లను బకెట్లతో పైకి ఎత్తే మిషను) చోక్ అయింది. సరిగ్గా అప్పుడే లైన్ కరెంటు పోయింది. మిషను ఎలాగూ ఆగింది కదా అని ఎవరూ స్టాప్ నొక్కలేదు. ఒక హమాలీ కింద బూటు (ఎలివేటర్ అడుగు భాగం) తలుపు తీసి చేత్తో వడ్లు లాగుతున్నాడు. సగం లాగేసరికి కరెంటు వచ్చి, ఎలివేటర్ దానంతటదే తిరిగింది. బకెట్ అంచు తగిలి అతని రెండు వేళ్లు చితికాయి. ఇంకొంచెం లోపల ఉంటే చెయ్యే పోయేది.

గొడవ ఆ తర్వాత మొదలైంది. మామే చూసుకోకుండా స్టార్ట్ నొక్కి ఉంటాడని సేటు అంటున్నారు, ఆసుపత్రి ఖర్చు ఆయన జీతంలో కోస్తానంటున్నారు. 'పిల్లల మీద ఒట్టు, నేను ప్యానెల్ దగ్గరే లేను' అని మామ. కాంట్రాక్టర్‌కు ఫోన్ చేస్తే, 'ప్రోగ్రామ్‌లో మామూలు లాచింగే (స్టార్ట్ నుంచి వేలు తీసినా మోటారును ఆన్‌లో పట్టి ఉంచే ఏర్పాటు) ఉంది. కరెంటు పోతే లాచ్ పడిపోతుంది. మీవాళ్లే నొక్కి ఉంటారు' అన్నాడట. సేటు ఇంకో మాట కూడా అన్నారు: 'కరెంటు రాగానే దానంతటదే తిరిగితే మంచిదేగా, టైమ్ కలిసొస్తుంది. మా బోరుకు ఆటో స్టార్టర్ లేదా?'

ఇదే సందులో ఇంకో సంగతి బయటపడింది. బ్రాన్ (తవుడు) కన్వేయర్ దగ్గర స్టాప్ బటన్ నొక్కితే మోటారు ఆగలేదు. విప్పి చూస్తే వైరు ఎలుక కొరికేసి ఉంది.

ఉత్తరం రాసిన పాఠకుడి భార్యకు ఏడో నెల. ప్రోగ్రామ్‌లో సెట్, రిసెట్ (ఒకసారి ఆన్ చేస్తే, వేరేగా ఆపమనేదాకా ఆన్‌లోనే ఉంచే ఆదేశాలు) వాడారని ఆయన అనుమానం. పాస్‌వర్డ్ చెరిపేసి తనే కొత్త ప్రోగ్రామ్ రాసి ఎక్కించాలా, ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదు చేయాలా, ఉద్యోగం మానేయాలా, నోరు మూసుకుని ఉండాలా అని అడిగారు. 'ఎలివేటర్ చప్పుడు వినిపిస్తే చాలు, గుండె దడదడలాడుతోంది. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు' అని రాశారు.

నా సమాధానం:

మీరు నాలుగు దారులు రాశారు గానీ, వాటిలో దేన్నీ ఇవాళ ఎంచుకోవద్దు. ముందు ఆ రోజు ఏం జరిగిందో తేల్చాలి. మీ ఉత్తరం రెండోసారి చదువుతుంటే మూడో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. 'కరెంటు పోయినప్పుడల్లా స్క్రీన్ ఆన్ కావడానికి ఆలస్యమవుతోందని సేటు పోయిన ఏడాది పీఎల్‌సీకి, స్క్రీన్‌కు కలిపి యూపీఎస్ పెట్టించారు' అని రాశారు. మీరు దాన్ని మాటవరసకు రాశారు, కానీ మీ మామకు అంటిన నింద పోవడానికి ఆ ఒక్క వాక్యం చాలు అనుకుంటున్నాను.

పాత స్టార్టర్ మీకు తెలిసిందే. పచ్చ బటన్ నొక్కితే కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే, కాయిల్‌తో పనిచేసే స్విచ్) పడుతుంది, అంటే మూసుకుంటుంది. దాని 13-14 కాంటాక్ట్ మూసుకుని, స్టార్ట్ బటన్‌కు ప్యారలల్‌గా కాయిల్‌ను పట్టి ఉంచుతుంది. కరెంటు పోతే కాయిల్ వదిలేస్తుంది, 13-14 తెరుచుకుంటుంది. కరెంటు తిరిగొచ్చినా మళ్లీ ఎవరో వేలు పెట్టి నొక్కాల్సిందే. అందులో పట్టి ఉంచేది కాంటాక్టరే, వదిలేసేదీ కాంటాక్టరే.

కాంట్రాక్టర్ ల్యాడర్‌లో (పీఎల్‌సీ ప్రోగ్రామ్‌ను వైరింగ్ బొమ్మలా గీసే పద్ధతి) వేసింది చూడటానికి అదే బొమ్మ. స్టార్ట్ ఇన్‌పుట్, దానికి ప్యారలల్‌గా అవుట్‌పుట్ సొంత కాంటాక్ట్, సిరీస్‌లో స్టాప్. కాకపోతే ఇక్కడ పట్టి ఉంచుతున్నది కాంటాక్టర్ కాదు, పీఎల్‌సీ మెమరీలో ఉన్న ఒక బిట్, అంటే ఆన్ లేదా ఆఫ్ అనే ఒక గుర్తు. లైన్ కరెంటు పోయినప్పుడు కాంటాక్టర్ వదిలేసింది. పీఎల్‌సీకి మాత్రం యూపీఎస్ మీద 24 వోల్టులు అందుతూనే ఉన్నాయి. దాని లెక్కలో స్టార్ట్ నొక్కారు, స్టాప్ ఎవరూ నొక్కలేదు, కాబట్టి మోటారు తిరుగుతూనే ఉంది. అవుట్‌పుట్ ఆన్‌లోనే పెట్టుకుని కూర్చుంది. కరెంటు రాగానే ఆ అవుట్‌పుట్ గుండా కాయిల్‌కు సప్లై వెళ్లింది. హాజరు పట్టీలో సంతకం చూసి మనిషి పనిలో ఉన్నాడనుకోవడం లాంటిదే ఇది. మనిషి ఎప్పుడో ఇంటికి వెళ్లిపోయాడు.

ఇదే నిజమైతే మీ మామ చెప్పింది నిజం. కాంట్రాక్టర్ చెప్పిందీ ఆ రోజుకు నిజమే, ప్యానెల్ పెట్టినప్పుడు యూపీఎస్ లేదు మరి. సేటు యూపీఎస్ పెట్టింది స్క్రీన్ కోసం. ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేశారు. మూడూ కలిసిన చోట హమాలీ చెయ్యి ఉంది.

కానీ నేను ఇక్కడ కూర్చుని అనుకుంటే సరిపోదు, మీరు అక్కడ చూడాలి. దీనికి పాస్‌వర్డ్ అక్కర్లేదు. మిల్లు ఆగి ఉన్న పూట, పక్కన ఇంకొకరిని పెట్టుకుని చేయండి. ఎలివేటర్ ఫీడర్ పవర్ ఫ్యూజులు మూడూ పీకేయండి. మోటారు టెర్మినల్స్ దగ్గర టెస్టర్‌తో చూసి, ఏమీ రావడం లేదని నిర్ధారించుకోండి. కంట్రోల్ సప్లై (కాంటాక్టర్ కాయిళ్లకు వెళ్లే కరెంటు) వేరే ఎంసీబీ మీద ఉందని రాశారు, దాన్ని ఆన్‌లోనే ఉంచండి. ఇప్పుడు ఎలివేటర్ స్టార్ట్ నొక్కండి. కాంటాక్టర్ ఠక్కున పడుతుంది, పీఎల్‌సీ ముఖం మీద ఆ అవుట్‌పుట్ చిన్న లైటు వెలుగుతుంది, మోటారు మాత్రం కదలదు. కంట్రోల్ ఎంసీబీ దించండి. కాంటాక్టర్ వదిలేస్తుంది. లైటు ఆరిందా, వెలుగుతూనే ఉందా? వెలుగుతూ ఉంటే రెండు నిమిషాలు ఆగి, ఎవరూ బటన్ల దగ్గర లేకుండా చూసుకుని ఎంసీబీ ఎత్తండి. కాంటాక్టర్ దానంతటదే మళ్లీ పడితే అనుమానం తీరినట్టే. మొదటినుంచీ ఫోన్‌లో వీడియో తీయండి. ఫ్రేములో లైటు, కాంటాక్టర్, బటన్లు మూడూ కనపడాలి.

అదే పూట ఇంకొకటి కూడా చూడండి. మళ్లీ స్టార్ట్ నొక్కి, ఈసారి యూపీఎస్ కూడా ఆపేయండి. పీఎల్‌సీ పూర్తిగా ఆరిపోయాక తిరిగి ఆన్ చేయండి. బటన్ ముట్టుకోకుండానే ఆ అవుట్‌పుట్ లైటు వెలిగిందంటే, అప్పుడు మీ సెట్-రిసెట్ అనుమానానికి బలం వస్తుంది. సెట్ వాడటమే తప్పని కాదు. ఏ బిట్‌ను సెట్ చేశారన్నది ముఖ్యం. మిత్సుబిషి ఎఫ్‌ఎక్స్3యూ రకం పీఎల్‌సీలో ఎం0 నుంచి ఎం499 వరకు బిట్లు కరెంటు పోతే చెరిగిపోతాయి. ఎం500 నుంచి ఉన్నవి, ఎవరూ సెట్టింగ్ మార్చకపోతే, గుర్తుంటాయి. అలెన్ బ్రాడ్లీ కంపెనీ పీఎల్‌సీల్లో ఓటీఈ అనే మామూలు కాయిల్ చెరిగిపోతుంది, ఓటీఎల్ అనే లాచ్ కాయిల్ గుర్తుంటుంది. గుర్తుండే బిట్ మీద మోటారును నడిపితే యూపీఎస్ లేకపోయినా ఇదే ప్రమాదం.

యూపీఎస్ తీసేస్తే సరిపోదా అని సేటు అడుగుతారు. అది సగం మందే. గుర్తుండే బిట్లు వాడి ఉంటే అది పనికిరాదు. పైగా రేపు ఇంకెవరో స్క్రీన్ కోసమని మళ్లీ పెడతారు.

అసలు మార్పు రెండు విధాలుగా చేయొచ్చు. మొదటిది ప్రోగ్రామ్‌లో. ప్రతి కాంటాక్టర్ నుంచి ఒక ఆక్జిలరీ కాంటాక్ట్‌ను (13-14 లాగా కాంటాక్టర్‌తో పాటే కదిలే చిన్న కాంటాక్ట్) పీఎల్‌సీ ఇన్‌పుట్‌కు తెచ్చి, లాచింగ్‌కు అవుట్‌పుట్ బిట్ బదులు ఆ ఇన్‌పుట్‌ను వాడాలి. అప్పుడు కాంటాక్టర్ ఏ కారణంతో వదిలేసినా లాచ్ కూడా పోతుంది. ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అయినా అంతే. అదనపు లాభం, కాంటాక్టర్ పడమన్నా పడకపోతే, వదలమన్నా వదలకపోతే స్క్రీన్ మీద అలారం ఇవ్వొచ్చు. దీనికి ఖాళీ ఇన్‌పుట్లు కావాలి, లేకపోతే ఎక్స్‌పాన్షన్ కార్డు కొనాలి. కాంట్రాక్టర్ రావాలి. ఆటో మోడ్‌లో వరసగా స్టార్ట్ అయ్యే మోటార్లకు స్టార్ట్ పల్స్‌ను కాంటాక్టర్ పడేదాకా, ఒక సెకను పాటు, నిలబెట్టాల్సి ఉంటుంది. ఈ సంగతి అతనికి ముందే చెప్పండి. లేకపోతే 'మోటార్లు స్టార్ట్ కావట్లేదు' అని పాత ప్రోగ్రామే తిరిగి ఎక్కించి వెళ్తాడు.

రెండోది ప్రోగ్రామ్ ముట్టకుండా వైరింగ్‌లో చేసేది, మీ చేతిలో ఉన్నది. ఒక మాస్టర్ కాంటాక్టర్ పెట్టండి. మోటార్ల కాంటాక్టర్ కాయిళ్లన్నిటికీ వెళ్లే కంట్రోల్ సప్లై దాని గుండా వెళ్లాలి. దాన్ని పాత పద్ధతిలో, పచ్చ బటన్, సొంత 13-14 మీద నిలబెట్టండి. దాని కాయిల్‌కు సిరీస్‌లో ప్రతి మష్రూమ్ (ఎమర్జెన్సీ స్టాప్) బటన్ ఎన్‌సీ కాంటాక్ట్ (మామూలుగా మూసి ఉండి, నొక్కితే తెరుచుకునేది) రావాలి. మీ మష్రూమ్‌లకు ఇప్పుడున్న ఒక్క ఎన్‌సీ బ్లాకు పీఎల్‌సీకి వెళ్లిందని రాశారు కాబట్టి వెనకాల ఇంకో ఎన్‌సీ బ్లాకు తగిలించండి. సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ (ఏ ఫేజు పోయినా పసిగట్టే రిలే) కాంటాక్ట్‌ను కూడా అదే సిరీస్‌లో వేస్తే, కంట్రోల్ ఫేజు ఉండి మిగతా ఫేజు పోయినా మాస్టర్ వదిలేస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇంతటితో ఆపితే, కరెంటు వచ్చి మీరు మాస్టర్ బటన్ నొక్కగానే పీఎల్‌సీ ఇంకా ఆన్‌లో పెట్టుకున్న అవుట్‌పుట్లన్నీ ఒక్కసారిగా మోటార్లను లేపుతాయి. అందుకని మాస్టర్ కాంటాక్టర్ ఎన్‌వో (కాంటాక్టర్ పడితేనే మూసుకునే) ఆక్జిలరీ ఒకటి తీసుకుని, పీఎల్‌సీకి వెళ్లే ఎమర్జెన్సీ ఇన్‌పుట్ వైరుకు సిరీస్‌లో వేయండి. మష్రూమ్ నొక్కితే అన్నీ ఆగుతాయని, వదిలినా మళ్లీ స్టార్ట్ నొక్కేదాకా తిరగవని మీరే రాశారు. అంటే ఆ ఇన్‌పుట్ పోతే ప్రోగ్రామ్ లాచ్‌లన్నీ వదిలేస్తోంది. ఇక కరెంటు పోయిన ప్రతిసారీ మాస్టర్ వదిలేస్తుంది, ఎవరో ఎమర్జెన్సీ నొక్కారని పీఎల్‌సీ అనుకుంటుంది, లాచ్‌లు వాటంతటవే పోతాయి. 24 వోల్టుల వైరుకు వాడే ఆక్జిలరీలో ఏసీ వైరు కలవకుండా చూసుకోండి.

వీలైతే రెండూ చేయించమంటాను. ఒక్కటే కుదురుతుందంటే మాత్రం రెండోదే ముందు. ఎందుకంటే ఇప్పుడు మీ మష్రూమ్ బటన్ పీఎల్‌సీని బతిమాలుతోంది తప్ప మోటారును ఆపడం లేదు. పీఎల్‌సీ అవుట్‌పుట్ రిలే కాంటాక్ట్ లోపల అతుక్కుపోయిందనుకోండి, ప్రోగ్రామ్ ఎన్నిసార్లు ఆగమన్నా కాయిల్‌కు సప్లై వెళ్తూనే ఉంటుంది. 1968లో జనరల్ మోటార్స్ వాళ్లు రిలే ప్యానెళ్లు విప్పి మళ్లీ వైరింగ్ చేసే బాధ తప్పించే యంత్రం కావాలని అడిగితే వచ్చింది పీఎల్‌సీ. వరస మార్చడానికి, టైమర్లకు, లెక్కలకు దానికి సాటి లేదు. ఎమర్జెన్సీ స్టాప్‌ను మామూలు పీఎల్‌సీ ఒక్కదానికే వదిలేయకూడదు. ఆ పనికి సేఫ్టీ పీఎల్‌సీలు వేరే ఉన్నాయి, వాటి ధర వేరు. యంత్రాల విద్యుత్ భద్రతకు ఐఈసీ 60204-1 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం ఎమర్జెన్సీ బటన్‌ను తిరిగి పైకి లాగడం వల్ల యంత్రం మొదలు కాకూడదు. దానికి వేరేగా స్టార్ట్ ఇవ్వాలి. అయితే నేను చెప్పిన మాస్టర్ కాంటాక్టర్‌కూ ఒక బలహీనత ఉంది. దాని కాంటాక్ట్‌లు అతుక్కుపోతే కాపాడేవాళ్లు లేరు. చేతులు తరచూ లోపలికి వెళ్లే మిషన్లకు రెండు చానెళ్ల సేఫ్టీ రిలే, సిరీస్‌లో రెండు కాంటాక్టర్లు పెట్టించడం మేలు. సేటు ఒప్పుకుంటే కనీసం ఎలివేటర్లకైనా.

ఎలుక సంగతికి వస్తాను. మీ స్టాప్ బటన్లు ఎన్‌వోగా వేశారు. నొక్కితేనే పీఎల్‌సీకి సిగ్నల్ వెళ్తుంది. వైరు తెగితే ఎంత నొక్కినా వెళ్లదు, తెగినట్టు ఎవరికీ తెలియదు కూడా, మీకు తెలిసినట్టు అవసరం పడిన రోజున తెలుస్తుంది. స్టాప్ ఎప్పుడూ ఎన్‌సీ కాంటాక్ట్‌తోనే రావాలి. బాగున్నంతసేపు ఇన్‌పుట్ లైటు వెలుగుతూ ఉంటుంది. నొక్కినా, ఎలుక కొరికినా, టెర్మినల్ లూజైనా ఆరిపోయి మోటారు ఆగుతుంది. ఇది బటన్ బ్లాకు మార్చినంత మాత్రాన కాదు, ల్యాడర్‌లో కూడా మార్చాలి. బయట ఎన్‌సీ వేసినప్పుడు లోపల ఎన్‌వో గుర్తు వస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లందరూ తికమకపడేది ఇక్కడే. ఇక మాటిమాటికీ ఆగుతోందని సేటు విసుక్కుంటే, విసుక్కోవాల్సింది ఎలుకల మీద. వైర్లను జీఐ పైపుల్లో వేయించమనండి.

ఇప్పుడు మీ నాలుగు దారులు. పాస్‌వర్డ్ చెరిపి సొంత ప్రోగ్రామ్ ఎక్కించడం వద్దనే అంటాను. చాలా పీఎల్‌సీల్లో పాస్‌వర్డ్ పోవాలంటే మెమరీ మొత్తం చెరపాలి, పాత ప్రోగ్రామ్ దొరకదు. మిల్లులో మోటార్లు చివరి నుంచి మొదటికి స్టార్ట్ కావాలి. వడ్లు వెళ్లే దారిలో ముందున్న మిషను ఆగితే, దానికి వడ్లు పంపే వెనకవన్నీ ఆగాలి. ఆ ఇంటర్‌లాక్‌లలో ఒక్కటి మరిచిపోయినా వడ్లు ఎక్కడికక్కడ చోక్ అవుతాయి. చోక్ అయిన చోటల్లా ఒక హమాలీ చెయ్యి పెడతాడు. ఆ తర్వాత ఏం జరిగినా ప్రోగ్రామ్ మీది.

ఫిర్యాదు మీ హక్కు. పవర్ కోసే సాధనం పొరపాటున ఆన్‌లోకి జారే అవకాశం ఉంటే దాన్ని తాళం వేసి ఉంచే ఏర్పాటు ఉండాలని 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 24వ సెక్షన్‌లోనే రాశారు, ప్రతి పనిగదిలో అత్యవసరంగా పవర్ కోసే సాధనం ఉండాలని కూడా. కానీ చిన్న మిల్లులో ఫిర్యాదు ఎవరు చేశారో అందరికీ తెలిసిపోతుంది. ముందు వీడియో చూపించి, కావలసిన మార్పులు ఒక కాగితం మీద రాసి తేదీ వేసి సేటుకు ఇవ్వండి, ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి. అప్పటికీ కదలకపోతే ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్లడానికి మీ చేతిలో ఆధారం ఉంటుంది. ఉద్యోగం మానేస్తే మీకు నిద్ర పట్టొచ్చు, కానీ మామ అదే ప్యానెల్ దగ్గర, అదే నింద కింద ఉంటాడు. ఏడో నెలలో జీతం వదులుకోవడం కూడా చిన్న విషయం కాదు. ఇక నోరు మూసుకోవడం అంటారా, అది మీవల్ల కాదని మీ ఉత్తరమే చెబుతోంది.

సేటుతో మాట్లాడేటప్పుడు మామ ఊసు ముందుగా ఎత్తకండి. మామను వెనకేసుకొస్తున్నాడు అనుకుంటే వీడియో చూడరు. 'కరెంటు వచ్చినప్పుడు అన్ని మోటార్లూ ఒకేసారి లేస్తున్నాయి, చూద్దురు రండి' అని ప్యానెల్ దగ్గరికి పిలిచి, ఫ్యూజులు తీసి, ఆయన చేతులతోనే ఎంసీబీ ఎత్తించండి. మామ సంగతి ఆయనకే అర్థమవుతుంది. జీతం కోత మాట మరుసటి రోజు ఎత్తండి. బోరు ఆటో స్టార్టర్ పోలికకు జవాబు కూడా కావాలి కదా. బోరులో మోటారు భూమిలోపల ఉంటుంది, దాన్లో ఎవరూ చెయ్యి పెట్టరు. అయినా 2018 జనవరి 1న తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆ ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను ప్రభుత్వమే అడిగింది.

ఈ మార్పులన్నీ అయ్యేదాకా ఆగకుండా ఇవాళే మొదలుపెట్టాల్సింది ఒకటి ఉంది. బూటు తలుపు తీసే ముందు ఆ ఫీడర్ ఫ్యూజు క్యారియర్లు పీకి, లోపల చెయ్యి పెట్టే మనిషి జేబులో వేయండి. మన పాత లైన్‌మెన్లు చేసే పనే. ఐసోలేటర్ ఉన్న చోట తాళం వేసి, తాళంచెవి అతనికే ఇవ్వండి. మీ దగ్గర కాదు, మామ దగ్గర కాదు. స్టాప్ బటన్ నొక్కడం దీనికి బదులు కాదు, మార్పులన్నీ అయ్యాక కూడా కాదు. హమాలీలు మారుతూ ఉంటారు కాబట్టి మేస్త్రీకి చెప్పి, కొత్తవాళ్లు వచ్చిన రోజే చూపించండి.

చివర్లో పాలిషర్ స్టార్-డెల్టా (మోటారును ముందు స్టార్ కాంటాక్టర్‌తో లేపి, తర్వాత డెల్టాకు మార్చే స్టార్టర్) గురించి అడిగారు, ప్రోగ్రామ్‌లో ఇంటర్‌లాక్ ఉంది, వైరింగ్‌లో లేదు, పరవాలేదా అని. పరవాలేదు అనలేను. పీఎల్‌సీ ఒక అవుట్‌పుట్ ఆపి ఇంకోటి వేయడానికి కొన్ని మిల్లీసెకన్లు చాలు, స్టార్ కాంటాక్టర్ నిజంగా తెరుచుకుని ఆర్క్ ఆరడానికి అంతకన్నా ఎక్కువ పడుతుంది. స్టార్ అతుక్కుపోయి ఉండగా డెల్టా పడితే నేరుగా షార్ట్. ఒకదాని ఎన్‌సీ రెండోదాని కాయిల్‌కు సిరీస్‌లో వేయండి, మెకానికల్ ఇంటర్‌లాక్ పెట్టండి, ప్రోగ్రామ్‌లో మధ్యలో చిన్న విరామం అడగండి.

కాంట్రాక్టర్ వచ్చి పని ముగించిన రోజున, సేటు బిల్లు కట్టేముందు, మీరు మూడు పరీక్షలు చేయించండి. మోటారు తిరుగుతుండగా స్టాప్ ఇన్‌పుట్ వైరు ఒకటి టెర్మినల్ నుంచి తీసేయాలి, ఆగాలి. మెయిన్ కరెంటు ఆపి వేయాలి, ఏదీ లేవకూడదు. మష్రూమ్ నొక్కి వదలాలి, అప్పుడూ ఏదీ లేవకూడదు. ఏది విఫలమైనా బిల్లు ఆపండి. ప్రోగ్రామ్ కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో, పాస్‌వర్డ్ ఒక కవర్‌లో సేటు బీరువాలో ఉండాలని కూడా అదే రోజు అడగండి. డబ్బు సేటు పెట్టారు, కాబట్టి అడిగే హక్కు ఆయనకు ఉంది.